టైలర్ సాబ్ అంకెలు, నా సభ్యత్వం

మెదక్ పట్నంలో క్లినికల్ న్యూరోసైకాలజిస్టును నేనొక్కడినే. ఆ పేరు బోర్డు మీద రాయిస్తే మా గది వెడల్పు చాలక, చివరి అక్షరాలు పక్క జిరాక్స్ షాపు నెత్తికెక్కాయి. పక్షవాతం వచ్చినవాళ్లకు జ్ఞాపకం, ధ్యాస, మాట ఎంత మిగిలాయో పరీక్షించి చెప్పడం నా పని. చెప్పింది తప్పో ఒప్పో అడగడానికి మంజీర నదికి ఇవతల నాకు ఒక్క మనిషి లేడు. అందుకే మా వృత్తిలో ఉన్నవాళ్ల సంఘంలో చేరదామని దరఖాస్తు పెట్టాను.

చేర్చుకునే ముందు, వీడియోలో పెద్దల ఎదుట ఒక పేషెంటు గురించి వివరించమన్నారు. నేను గొంతు సవరించుకున్న చప్పుడుకు చర్చి గోపురం మీది పావురాలన్నీ లేచిపోయి ఉంటాయి.

మా గల్లీ టైలర్ సాబ్ సంగతి ఎత్తుకున్నాను. స్ట్రోక్ నుంచి తేరుకుని, మళ్లీ బట్ట కత్తిరించవచ్చా అని అడగడానికి భార్యతో వచ్చాడు. నేను చెప్పిన అంకెలను వెనక నుంచి చెప్పమంటే మూడు అంకెలకే తడబడ్డాడు. ఇప్పుడే వద్దని రిపోర్టు రాశాను. భార్య కత్తెర దాచేసింది.

ఇదంతా హరికథలా సాగుతుండగా, తెర మీది పెద్దావిడ మెల్లగా అడిగారు.

"అంకెలు ఏ భాషలో చెప్పారండీ?"

"తెలుగులో మేడమ్. ఆయన తెలుగు నాకంటే బాగుంటుంది."

"మరి దుకాణంలో కొలతలు?"

నలభైన్నర అంగుళాల నా ఛాతీ కొలత పక్కనున్న పాపన్నపేట దాకా వినిపించేలా "సాడే చాలీస్!" అని అరిచే టైలర్ సాబ్ గొంతు చెవిలో మోగింది. మా ఊళ్లో ఎన్నో దుకాణాల్లో బేరం తెలుగులో, లెక్క ఉర్దూలో నడుస్తుంది.

"మేడమ్, నన్ను ఇక్కడితో ఆపనివ్వండి. మళ్లీ పరీక్షించి వస్తాను," అన్నాను. ఉపన్యాసం మధ్యలో నా అంతట నేను ఆగడం ఈ జన్మకు అదే మొదలు.

మర్నాడు టైలర్ సాబ్‌ను పిలిపించి, ఈసారి అంకెలు ఉర్దూలో చెప్పాను.

"పాంచ్, ఆఠ్, దో, నౌ."

"నౌ, దో, ఆఠ్, పాంచ్."

ఇంకా పెంచాను. తడబడలేదు. మిగతా పరీక్షలు కూడా ఉర్దూలో చేయించి, "బట్ట కత్తిరించవచ్చు సాబ్," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇప్పుడంటే ఏం ఫాయిదా డాక్టర్ సాబ్? నా దిమాక్ ఖరాబైందని గల్లీ అంత ఎరుకైంది. ఇచ్చిన బట్టలన్నీ వాపస్ తీస్కపోయిన్రు."



కొన్నాళ్లకు సంఘం మిగతా కథ విని నన్ను చేర్చుకుంది. ఊరేగింపు తీయించుకోకుండా ఎలాగో తమాయించుకుని, ఆ మాట చెప్పడానికి దుకాణానికి వెళ్లాను. బల్ల ఖాళీగా ఉంది. ఆయన మిషను పక్కన ఊరికే కూర్చున్నాడు. నా వార్త నోట్లోనే ఉండిపోయింది.

లోపలి నుంచి ఆయన భార్య కత్తెర, ఒక కొత్త బట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రంజాన్‌కు నాకని తెచ్చిన బట్ట సాబ్. కొయ్యమని చెప్పుండ్రి. ఖరాబైతే ఖరాబే తొడుక్కుంట."

నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆయన లేచి బట్ట పరిచాడు. ముడతలను అరచేత్తో సాపు చేశాడు. చాక్‌తో మొదటి గీత గీసేదాకా మేమిద్దరం ఊపిరి తీసుకోలేదు.