రాతి మీది ముఖం

ఉత్తరాన మంచునేల నుంచి దోహాకు బొమ్మలు చెక్కడానికొచ్చిన ఇన్యూట్ కళాకారిణి లీతియా, ఏసీ హాలు వదిలేసి పెరటి నీడలో కాళ్ళు బారచాపి కూర్చుంటుంది. రెప్ప వేయకుండా చెక్కుతుంది. నల్లటి పలకరాతి మీద బిడ్డను వీపున మోసే తల్లిని చెక్కి, సిరా పూసి, పల్చటి కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్ది అచ్చులు తీస్తుంది. రాయికి దెబ్బ తగిలితే నీదే పూచీ అని, ఆమెకు సాయంగా పెట్టిన జగిత్యాల కూలీ జలంధర్‌ను సూపర్‌వైజర్ ముందే బెదిరించాడు. ఆఖరి అచ్చు ఆరేసి, ఆమె ఆకురాయితో ఆ తల్లి పాదాలను గరగరా అరగదీయసాగింది. జలంధర్ పరుగెత్తుకొచ్చాడు. "వద్దు మేడమ్! రాయి ఖరాబైతె నన్నే అంటడు!" అంటూ ఆకురాయి పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ బిగుసుకున్నాయి. చివరికి ఆమే వదిలింది. ఆరుతున్న కాగితాలు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో, "ఇన్ని అచ్చులే తీస్తామని కొనేవాళ్ళకు మా మాట. రాయి మిగిలితే మాట మిగలదు. నువ్వే చెరుపు," అంది. అతను కాళ్ళు, భుజాలు, బిడ్డను చెరిపాడు. ముఖం దగ్గర ఆగాడు. "ఎవరు మేడమ్?" "మా అమ్మ. ప్రతి రాయి మీదా అమ్మే." జలంధర్ ఆకురాయి కింద పెట్టేశాడు. లీతియా దాన్ని తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, రుద్దడం మొదలుపెట్టింది.