కొండవాలు చేను కొలత

ఊళ్లో గింజ కొలవాలంటే తెలెస్ఫోరో రావాల్సిందే. ముప్ఫై ఏళ్లుగా అతని చేతి కొలతకు తిరుగులేదు. చెక్కపెట్టె నింపి, అంచుమీద కర్ర జరిపి చదును చేశాడంటే అది సరిగ్గా ఒక ఫనేగా గింజ. ఆ సంగతి ఊరికన్నా అతనికే కాస్త ఎక్కువ తెలుసు. అదే కొంప ముంచింది.

ఆ ఏడు భూములన్నీ సర్కారు పుస్తకానికెక్కించడానికి పట్నం నుంచి గుమస్తా వచ్చాడు. తెలెస్ఫోరో చెల్లెలు, మొగుడు పోయిన బసిలీసా. ఆమెకున్న ఒక్క ఆధారం కొండవాలు చేను.

"మూడు ఫనేగాల విత్తనం పట్టే చేను, రాసుకో" అన్నాడు తెలెస్ఫోరో దర్జాగా.

అబద్ధమేం కాదు. మాకు తాతలనాటి నుంచీ విత్తనమే నేలకు కొలత. కానీ పట్నంవాళ్లు లోయలోని మంచి నేలను చూసి, ఫనేగా విత్తనానికి ఇంత నేల అని ఎప్పుడో లెక్క కట్టేసుకున్నారు. లోయలో ఒత్తుగా చల్లుతారు. రాళ్ల కొండమీద పలచగా చల్లకపోతే మొక్క బతకదు, కాబట్టి అదే విత్తనం రెట్టింపు నేలకు సరిపోతుంది.

వసంతంలో సర్వేయరు గొలుసు పట్టుకుని దిగాడు. పుస్తకం ప్రకారం కొలిచి రాయి పాతేసరికి చేను సగమైంది. మిగతాది పక్కనే ఉన్న పెద్ద ఆసామి దోన్ క్రిసాంతో గారి పచ్చికబీడులో కలిపేశారు.

తెలెస్ఫోరో రొప్పుతూ పరుగెత్తాడు. "అయ్యా, అది రాళ్ల నేలండీ! లోయ లెక్క దానికెలా కుదురుద్ది?"

"మరి ఆ ముక్క అప్పుడే చెప్పొద్దూ?" అన్నాడు సర్వేయరు.

"మూడని నువ్వే అన్నావుగా, మూడే ఇచ్చారు. నీ కొలత మీద నీకే నమ్మకం లేదా ఏంటి?" అని దోన్ క్రిసాంతో ఇకిలించాడు.

తెలెస్ఫోరోకు తల కొట్టేసినట్లయింది. వేసవంతా చెల్లెలి వాకిలి తొక్కలేదు.

విత్తనాల వేళకు బసిలీసాయే బార్లీ బస్తాతో వచ్చింది. అతను ఒక పెట్టె కొలిచాడు, రెండోది సగం నింపాడు. ఆమె పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలన్నా. ఇక చల్లడానికి నేలేదీ?"

"నన్ను తిట్టవే బసిలీ. నాలుగు తిట్టి పో."

"తిడితే నేలొస్తుందా?" ఆమె బస్తా మూతి కట్టింది. "చేను మొత్తం నిలువు నాలుగొందల పన్నెండు అంగలు, అడ్డం నూటతొంభై. ఆయన పోయిన కాణ్ణించీ గింజలు చల్లుతా నేను లెక్కపెడతానే ఉన్నా. నన్నొక్క మాట అడగాల్సింది అన్నా."