నాగేశ్వర్లు బిగించిన తాళం

చెడిపోయిన వస్తువును బాగుచేసేవాళ్లు ఊరూరా ఉంటారు. మార్కాపురం నాగేశ్వర్లు మాత్రం బాగున్న వస్తువును బాగుచేస్తాడు.

ఆయన చేయి పడకముందు ఆ ఇంట్లో ఫ్యాను గాలి ఇచ్చేది. పడ్డాక చప్పుడు ఇస్తోంది. మిక్సీ ఒకచోట నిలబడి రుబ్బేది. ఇప్పుడు గట్టంతా తిరుగుతూ రుబ్బుతోంది, ఎవరో ఒకరు దాన్ని కావలించుకుని నిలబడాలి. కొత్త కుక్కరు కొన్న రోజున ఆయన భార్య హైమావతి మొదట చేసిన పని దాన్ని బియ్యం డబ్బా వెనక దాచడం.

ఆయనది పలకల కొట్టు. పిల్లలు పలకల మీద రాయడం మానేశాక బేరాలు పోయి తీరిక మిగిలింది. ఆ తీరికంతా ఇంటి మీద పడింది.

ఒకనాడు ఆయన వీధి తలుపు ముందు నిలబడి తాళం వంక అదోలా చూశాడు. హైమావతి వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"తాళం బాగానే ఉంది గదండీ!"

"బాగుంటే సరిపోతదా? తాళంచెవి పోతే?"

"పోగొట్టేది మా అమ్మ ఒక్కతే గదా?"

ఆయన స్క్రూడ్రైవరు తీశాడు.

హైమావతి తల్లి చెన్నమ్మ ముండ్లమూరు దగ్గర పల్లె నుంచి వచ్చి కూతురి దగ్గరే ఉంటోంది. తాళంచెవి కొంగున ముడేసుకుని బయటికి పోతుంది. తిరిగొచ్చేసరికి ముడి ఉంటుంది, చెవి ఉండదు. హైమావతి కుట్టుపని నేర్పడానికి పోయిన పూట చెవి పోతే ఇక చెన్నమ్మకు అరుగే గతి. ఎదురుగా అల్లుడి కొట్టుంది, ఆయన దగ్గర ఇంకో చెవీ ఉంది. అయినా అడగదు. అల్లుడి ఎదుటపడి మాట్లాడటం ఆ తరం అత్తలకు లేదు. చెప్పాల్సింది గోడకు చెబుతుంది. గోడ పక్కనున్న కూతురు దాన్ని అల్లుడికి అందిస్తుంది. కూతురు లేకపోతే మండుటెండలో అలాగే కూర్చుంటుంది.

విజయవాడ నుంచి అంకెల మీటలు, చిన్న మోటారు, సర్క్యూట్ బోర్డు వచ్చాయి. మీటల చుట్టూ బిగించడానికి నాగేశ్వర్లు తన కొట్లోని పలకనే కోసి, అరగదీసి, బెజ్జాలు పెట్టాడు. ఆ వేసవిలో కొట్లోంచి కదిలిన సరుకు ఆ ఒక్క పలకే.

మొదట తాళం పడింది, తెరుచుకోలేదు. ఆ పూట పాలు కిటికీలోంచి వచ్చాయి. విప్పి మళ్లీ బిగిస్తే తెరుచుకుంది, పడలేదు. హైమావతి తలుపుకు రుబ్బురోలు అడ్డం పెట్టి పడుకుంది. కరెంటు పోతే ఎట్లా అంటే, ఆయన స్కూటరు బ్యాటరీ పీకి తలుపుకు తగిలించాడు. ఇక స్కూటరు కదలదు, తలుపు కదులుతుంది. ఈ ఇల్లొదిలి ఎటైనా పోదామని హైమావతికి ఎన్నోసార్లు అనిపించింది. కానీ పోవాలంటే ముందు తలుపు తెరుచుకోవాలి గదా!

చివరికి తాళం పనిచేసింది. చెన్నమ్మ ఇంట్లో లేని పూట చూసి నాగేశ్వర్లు వీధిలో నిలబడి చాటింపు వేసినంత పని చేశాడు.

"నంబరు తప్పు నొక్కితే కూస్తది. మళ్లీ తప్పితే ఇంకా గట్టిగా కూస్తది. మూడోసారి తప్పిందో, సైరనే! పోలీసు స్టేషను దాకా ఇనపడతది!"

ఆరోజు నుంచి పక్కింటి రంగమ్మ ఆ తలుపును తట్టడం మానేసి, వీధిలోంచే కేకేయసాగింది.

"మా అమ్మకు అంకెలు రావు గదా, ఆమె ఏం చేయాల?" అంది హైమావతి.

"ఏదో ఒకటి నొక్కుద్దిలే. సైరను సంగతి మాత్రం ఆమెకు చెప్పబాక."

"ఏం, చెప్తే ఏమయితది?"

"చెప్పబాకంటే చెప్పబాక."

హైమావతికి అంతా అర్థమైపోయింది. ఇంట్లో వస్తువుల వంతు అయిపోయి మనుషుల వంతు వచ్చింది. మా అమ్మను బయటికి పంపడానికే ఈ తాళం!

చెన్నమ్మకూ అలాగే తోచినట్టుంది. "అంకెల తలుపు నాకేం తెలుస్తది? ముండ్లమూరు బస్సెక్కిస్తే కొడుకు దగ్గరికి పోతా" అని గోడతో అని, సంచీ సర్దుకుంది. హైమావతి ఆ మాట అందిస్తూ ఏడ్చింది. నాగేశ్వర్లు లేచి బ్యాటరీ చూడటానికి పోయాడు.

ప్రయాణం ముందురోజు హైమావతి తల్లిని రంగమ్మ ఇంట్లో కూర్చోబెట్టి పనికి పోయింది. మధ్యాహ్నం వస్తే తల్లి అక్కడ లేదు.

"ఎప్పుడో లేచి బయటికి పోయిందే అక్కా!" అంది రంగమ్మ.

అరుగు మీదా లేదు. హైమావతి నంబరు నొక్కి తలుపు తోసింది. లోపల కుక్కరు విజిల్ వేస్తోంది. చెన్నమ్మ చింతపండు పిసుకుతోంది.

"ఎట్ల వచ్చినావమ్మా లోపలికి?"

"తలుపు తీసుకుని వచ్చినా."

"ఏ నంబరు నొక్కినావు?"

"నాకేం తెలుసు? ఏవో నొక్కినా, కూసింది. మళ్లీ నొక్కినా, మళ్లీ కూసింది. కూస్తే కూయనీ అని ఇంకోసారి నొక్కినా. నోరు మూసుకుని తెరుచుకునింది."

హైమావతి బయటికొచ్చి తలుపు మూసింది. తప్పు నంబరు నొక్కింది. కూసింది. మళ్లీ నొక్కింది. గట్టిగా కూసింది. కొట్లోంచి నాగేశ్వర్లు చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"మూడోది నొక్కబాక! వీధంతా చూస్తాంది!"

ఆమె నొక్కింది. సైరను లేదు. తలుపు మెత్తగా తెరుచుకుంది.

"తప్పు నంబరుకు తెరుచుకునే తాళమేందండీ?"

"మెల్లగా మాట్లాడు! రెండు కూతలకు దొంగయినా పారిపోతాడు. మీ అమ్మ పారిపోయే మనిషా? తెరుచుకునేదాకా నొక్కుద్ది."

"మరి నాకెందుకు చెప్పలా?"

"నీకు చెప్తే ఆమెకు చెప్తావు. అల్లుడు నాకోసం చేసినాడని తెలిస్తే ఆమె ఆ మీటలు ముట్టుకుంటదా? ఎండలో అరుగు మీదే కూర్చుంటది."

హైమావతి లోపలికి పోయి తల్లి సంచీలోని చీరలు తీసి దండెం మీద వేయసాగింది. చెన్నమ్మ అది చూసి వద్దనలేదు. వంటింటి గోడ వైపు తిరిగింది.

"హైమా, మీ ఆయనకు చెప్పు. తాళం చెడిపోయినట్టుంది, ఏది నొక్కినా తెరుచుకుంటాంది. బాగుచేయమను."

హైమావతి అందించేలోపే వసారాలోంచి నాగేశ్వర్లు గొంతు వినిపించింది.

"బాగానే ఉందని చెప్పు. బాగున్నదాన్ని ఎవరైనా ముట్టుకుంటారా?"