ఫొటోలో గుర్రం పడితే చాలు

మొన్న వేసవిలో టెక్సాస్‌లోని ప్లేనోలో ఒక తెలుగు పెళ్ళికి వెళ్తే, హోటల్ పార్కింగ్ లాట్‌లో పెళ్ళికొడుకు కోసం అద్దెకు తెచ్చిన తెల్లగుర్రం నిలబడి ఉంది. గుర్రమెక్కి ఊరేగడం మన పెళ్ళిళ్ళలోకి ఎప్పుడొచ్చి చేరిందో గానీ, సంగీత్ వచ్చాక, మెహందీ వచ్చాక, గుర్రం మాత్రం ఎందుకు ఆగుతుంది? చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాని పక్కనుంచి పోతుంటే, ఎండకు కాగిన జీను తోలు వాసన, గుర్రపు చెమట, ఎండుగడ్డి, అన్నీ కలిసి ముక్కుకు తగిలాయి. నా పదేళ్ళప్పటి శనివారాలు తిరిగొచ్చాయి.

అప్పట్లో మా అమ్మకు శనివారాలు కూడా డ్యూటీ ఉండేది. గుళ్ళో తెలుగు క్లాసు అయ్యాక నన్ను ఇంటికి చేర్చే పని పక్కింటి మురళి అంకుల్ తీసుకున్నారు. గుణింతాలతో కుస్తీపట్టి, పేపర్ ప్లేట్‌లో పెట్టిన ప్రసాదం పులిహోర తిని, పసుపంటిన వేళ్ళు గౌనుకు తుడుచుకుంటూ ఆయన కారెక్కితే, ఆ కారు తిన్నగా ఇంటికి పోయేది కాదు. హైవే ఎక్కి, పక్క కౌంటీలో ఎర్రరాతి కోర్టుహౌస్ ఉన్న పాత ఊరికి పోయేది. కోర్టు ఎప్పుడో వేరే బిల్డింగ్‌కి మారిపోయి, అది మ్యూజియం అయింది. దాని రాతి కమాను కింద, ఇత్తడి బొత్తాల నీలం కోటు, తెల్ల గ్లోవ్స్, అంచు వెడల్పాటి టోపీ పెట్టుకుని, కౌంటీ గార్డు ఒకడు గుర్రం మీద కూర్చుని ఉండేవాడు. గడియారం గంట కొట్టేదాకా మాట్లాడకూడదు, నవ్వకూడదు, కదలకూడదు. గంట కొట్టగానే దిగి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు సెల్యూట్ చేసి, "థాంక్స్ ఫర్ విజిటింగ్" అని, గుర్రాన్ని వెనక లాయంలోకి నడిపించుకుపోవాలి.

ఆ రూల్ ఉందని తెలిశాక టూరిస్టులు ఊరుకుంటారా? పిల్లలు నాలుక బయటపెట్టి వెక్కిరించేవాళ్ళు. కాలేజీ కుర్రాళ్ళు జోకులు చెప్పి చూసేవాళ్ళు. ఒకావిడైతే తన ఐస్‌క్రీమ్ కోన్ ఆ గుర్రం మూతికి అందించింది. టెక్సాస్ ఎండలో ఆ కోటు లోపల మనిషి ఉడికిపోతుంటే, చెంపల మీదుగా చెమట గడ్డం దాకా కారి బొట్లు బొట్లుగా పడుతుంటే, అది కూడా వీడియో తీసుకునేవాళ్ళు. నేను ఎర్రటి స్నో కోన్ చప్పరిస్తూ అదంతా చూసేదాన్ని. మేం అక్కడికి ఎందుకు పోయేవాళ్ళమంటే, శనివారం మధ్యాహ్నాలు ఆ గుర్రం మీద ఉండేది కిరణ్ అన్న, మురళి అంకుల్ ఒక్కగానొక్క కొడుకు.

కిరణ్ అన్న కంప్యూటర్ సైన్స్ సగంలో వదిలేసి ఆ గుర్రపు గార్డుల్లో చేరాడు. మా పాట్‌లక్కు విందుల్లో కొన్నాళ్ళు గోంగూర పచ్చడితో పాటు అదే నంజుకున్నారు. "గుర్రాల లద్దె ఎత్తుకోడానికి అమెరికాలో పుట్టాలా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు, అంకుల్ కూడా నవ్వారు. ఇంటికెళ్ళి కొడుకుతో, "ఆ కోటేసుకుని నా గుమ్మం తొక్కకు" అన్నారు. అన్న ఆ మాట పట్టుకున్నాడు. లాయం పైన గది తీసుకుని ఉండిపోయాడు, ఇంటికి ఫోన్ చేయడం కూడా మానేశాడు.

అంకుల్ ప్రతి శనివారం కారులో నాతో ఒకటే మాట చెప్పేవారు. "ఇవాళ మాట్లాడతానమ్మా. ఇంటికి రారా అంటా. అంతే గదా, ఎంతసేపు?" తీరా అక్కడికెళ్ళాక, టూరిస్టుల్లో టూరిస్టులా రికాబు పక్కన నిలబడి, తన చిన్న డిజిటల్ కెమెరా నా చేతికిచ్చి ఫొటో తీయమనేవారు. "అన్న కూడా రావాలా అంకుల్?" అని మొదటిసారి అడిగితే, "గుర్రం పడితే చాలు" అన్నారు. చెప్పినట్టే కెమెరా కిందికి వంచి తీసేదాన్ని. ఇంటికొచ్చాక వాటిని మా కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టేదాన్ని. గంట కొట్టే వేళయ్యేసరికి ఆయన కారు తాళాలు బయటకు తీసేవారు. కొడుకు మాట్లాడకూడని వేళలోనే ఆయన అక్కడ నిలబడగలిగేవారు.

ఒకసారి విజయవాడ వాళ్ళు వచ్చారు, కూతురి దగ్గరికి వచ్చిన భార్యాభర్తలు. "మనవాడిలా లేడూ?" అందావిడ, గార్డు మొహంలోకి చూస్తూ. "మనోళ్ళకేం ఖర్మ, ఇట్టా గుర్రమెక్కి బొమ్మలా కూర్చోటానికి? మెక్సికనై ఉంటాడు" అన్నాడాయన. అన్న రెప్ప కూడా ఆర్పలేదు. ఆయన ఇటు తిరిగి, "తెలుగువాళ్ళేనా అండీ? కాస్త మా ఫొటో తీసిపెట్టండి, ఆ గార్డు కూడా నిండుగా రావాలి" అని తన కెమెరా అంకుల్ చేతిలో పెట్టాడు. అంకుల్ నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, చాలాసేపు తీశారు. కొడుకు మొహంలోకి ఆయన అంతసేపు చూడటం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళు థాంక్స్ చెప్పి కెమెరా తీసుకుని వెళ్ళిపోయారు.

దసరా వెళ్ళిన వారం అన్న వాళ్ళమ్మ సుజాత ఆంటీ సున్నుండలు చేసి, జిప్‌లాక్ కవర్‌లో పెట్టి, "వాడికివ్వండి, ఇవ్వకుండా మాత్రం ఇంటికి రాకండి" అని అంకుల్‌తో అంది. ఆ రోజు ఆయన కారు తాళాలు బయటకు తీయలేదు. గంట కొట్టింది. అన్న గుర్రం దిగి టోపీ తీశాడు. నుదుటి మీద టోపీ అంచు ఎర్రగా అచ్చుపడి ఉంది. తండ్రీ కొడుకుల మధ్య చెయ్యి చాస్తే అందేంత దూరం.

"గుర్రం బావుందిరా" అన్నారు అంకుల్.

అన్న ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూశాడు. అంకుల్ సున్నుండల కవర్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. అప్పుడు అన్న చెయ్యి నుదుటికి లేచింది.

"థాంక్స్ ఫర్ విజిటింగ్, సర్."

అది కోపమో, చుట్టూ జనం చూస్తున్నారని డ్యూటీ చేశాడో, నాకిప్పటికీ తెలియదు. గుర్రం డెక్కల చప్పుడు లాయం వైపు వెళ్ళిపోయింది. కారెక్కాక అంకుల్ ఆ కవర్ నా ఒళ్ళో పెట్టి, "తిను తల్లీ" అన్నారు. ఇల్లు చేరేదాకా కారంతా నేతి వాసన.

తర్వాత మేమెప్పుడూ అటు వెళ్ళలేదు. రెసెషన్ వచ్చిన ఏడు కౌంటీ వాళ్ళు ఆ గార్డుల్ని తీసేసి గుర్రాల్ని పశువులు పెంచే రాంచ్‌లకిచ్చేశారు. అన్న తన గుర్రం వెంటే వ్యోమింగ్ వెళ్ళాడు. ఆ చలికాలమే మంచు రోడ్డు మీద అతని ట్రక్ జారి పడిపోయింది. అతను బతకలేదు. వాళ్ళ హాల్లో దండ వేసిన ఫొటో హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌ది, ఇంకా మీసం రాని పిల్లాడిది. రాతి కమాను కింద ఇప్పుడు పార్కింగ్ మెషీన్ ఉంది.

పెళ్ళిలో ఆ తెల్లగుర్రం దగ్గర నాకంటే ముందే మురళి అంకుల్ నిలబడి ఉన్నారు, దాని మెడ మీద చెయ్యి వేసి. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఆ పాత ఫొటోలు నీ దగ్గరున్నాయామ్మా?"

"లాప్‌టాప్‌లో ఉన్నాయి అంకుల్."

"ఒక్కదాంట్లోనన్నా వాడి మొహం పడిందా?"

అన్న పోయినప్పుడే నేను అన్నీ వెతికాను. నల్ల బూటు, రికాబు, తెల్ల గ్లోవ్, కోటు అంచు, ఒకదాంట్లో గడ్డం దాకా. "లేదంకుల్" అన్నాను. ఆయన తలూపారు. డప్పులు మొదలయ్యాయి, పెళ్ళికొడుకును గుర్రమెక్కించారు, అందరూ ఫోన్లు పైకెత్తారు. ఆ గోలలో ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

"ఆ విజయవాడ వాళ్ళకి తీశానే, అందులో బాగా పడ్డాడమ్మా, నిండుగా. వాళ్ళ పేరన్నా అడగలేదు నేను."