ఫిజిక్స్ నోట్సు - 2

మా బ్యాచ్‌కు డిఫరెన్షియేషన్ దసరా తర్వాత కాకుండా ఆగస్టులోనే ఎందుకు మొదలైందో నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో లెక్కలూ ఫిజిక్సూ కలిపి చదవడమంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టడమేననుకునేదాన్ని. నిజానికి ఆ పడవలకే ఒకదానితో ఒకదానికి మాటల్లేవు. ప్రొద్దుటూరులో మా కాలేజీ ఫిజిక్స్ సారు ఒకరోజు పది నిమిషాలు ఎక్కువ పాఠం చెప్పి మ్యాథ్స్ సారు పీరియడ్ తినేశారట. అప్పటినుంచి మ్యాథ్స్ సారు గంట కొట్టకముందే వచ్చి గుమ్మం బయట దగ్గుతూ నిలబడేవారు. ఫిజిక్స్ సారు మొదటి వారంలోనే వేగాన్ని డిఫరెన్షియేట్ చేసి, "అదేందో మీకు మ్యాథ్స్‌లో చెప్తారు" అన్నారు. మ్యాథ్స్ సారునడిగితే, "దసరా పోనీండప్పా, ఇప్పుడేం తొందర" అన్నారు. ఈలోగా నేను పైనొక డి, కిందొక డి కనిపిస్తే రెండూ కొట్టేసి ముందుకు పోతూండేదాన్ని. స్లిప్ టెస్టుల్లో మార్కులు కూడా అలాగే కొట్టుకుపోయాయి.

లేచి అడగవచ్చు కదా అంటారు. (హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనడానికే ముందు రెండుసార్లు లోపల అనుకుని చూసుకునే మనిషిని.) అడగవలసినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. మా నాన్న చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసేవారు. పనికిరాని కాగితపు సంచులు తెచ్చి నా పుస్తకాలన్నిటికీ ఒకే రంగు అట్టలు వేసి, లేబుళ్లు అంటించి, స్వయంగా పేర్లు రాసేవారు. ఆ వరుసలో నా డైరీకీ అట్ట వేసి, 'ఫిజిక్స్ నోట్సు - 2' అని రాసేశారు. అది డైరీ అని చెప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నాను. పైగా దాచుకోవడానికి అంతకంటే మంచి పేరు లేదనుకున్నాను.

క్వార్టర్లీ పరీక్షలు దగ్గరపడ్డాయి. స్లిప్ టెస్టు కాగితాలు చూసి నాన్న కోప్పడలేదు. "ఈ క్వార్టర్లీలో తప్పితే జమ్మలమడుగులో సీఈసీలో చేర్పిస్తా పాపా. దినామూ నీ వాడిన మొగం జూడలేకుండాం" అన్నారు. నాకు సీఈసీ మీద ఏ కోపమూ లేదు. అర్థం కాకపోయినా, ఆ ఫిజిక్స్ పుస్తకం వదిలి పోవాలంటే మాత్రం ఏడుపొచ్చింది.

సరిగ్గా ఆ వారమే ఫిజిక్స్ సారు అందరి నోట్సులూ తెమ్మన్నారు. నేను నీళ్లు తాగి వచ్చేసరికి నా పక్క బెంచీ పిల్ల నా సంచి సర్దుతోంది. "నీవి రెండుండాయి గదమ్మే, రెండూ పెట్టేసినా" అంది, పెద్ద ఉపకారం చేసినట్టు. బల్ల మీది దొంతరలో నా డైరీ పైనే ఉంది. నాలుగడుగులు వేసి తీసుకుంటే అయిపోయేది. వేయలేదు. సారు ఆ దొంతర చంకలో పెట్టుకుని వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. అందులో ఏముందో నాకు బాగా గుర్తు: 'మా ఇద్దరు సార్లూ అలిగిన వియ్యంకులు. అరవైమంది పెళ్లికూతుళ్లం ముహూర్తం దాటిపోతోందని పీటల మీద కూర్చుని ఉన్నాం.'

మర్నాడు కాలేజీ మానేద్దామనుకున్నాను. జ్వరమని చెప్పాలన్నా నోరు తెరవాలి కదా, అందుకే బస్సెక్కాను. ఫిజిక్స్ పీరియడ్‌లో ఇద్దరు సార్లూ కలిసి వచ్చారు. ఫిజిక్స్ సారు వెనక బెంచీలో కూర్చున్నారు. మ్యాథ్స్ సారు చాక్‌పీసు తీసుకుని, "ప్రొద్దుటూర్లో ఎక్కిన బస్సు గంటకి జమ్మలమడుగు జేరె. దావంతా ఒగటే స్పీడులో పోయిండాదా?" అన్నారు.

"యాడ సార్, గేటు పడితే ఆడనే నిలబడ్తాది" అన్నారు మగపిల్లలు.

"మరి గేటు కాడ నిలబడుండంగ, ఆ నిమిషంలో స్పీడెంత?"

"సున్నా" అనేశాను. అరవై తలలూ వెనక్కి తిరిగాయి. రోజూ ఆ దారిలో బస్సెక్కే మనిషికి అంతకంటే తెలిసిన జవాబు ఏముంటుంది? ఆ గంటలో డి అంటే కొట్టేసేది కాదని తెలిసింది.

నోట్సులు తిరిగొచ్చాయి. వియ్యంకుల వాక్యం పక్కన ఎర్ర సిరాతో టిక్కు, కింద సంతకం. (ఆ సంతకం చూసి నాన్న, "రెండో నోట్సు బాగా రాసినట్టుండావే" అని మురిసిపోయారు.) క్వార్టర్లీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. జమ్మలమడుగు ప్రయాణం ఆగిపోయింది.

ఇప్పుడు పులివెందులలో పిల్లలకు రెండు సబ్జెక్టులూ నేనే చెబుతున్నాను. వియ్యంకులిద్దరూ నేనే కాబట్టి అలకల్లేవు. నోట్సులు దిద్దేటప్పుడు వెనక పేజీలు కూడా తిప్పి చూస్తాను. అడగని పిల్లలు అక్కడే అడుగుతారు. ఎవరి వెనక పేజీలోనైనా నా మీద ఎగతాళి దొరికితే ఆ సిగ్గరి పిల్ల గుర్తొచ్చి నవ్వుకుని టిక్కు పెడతాను. మా ఫిజిక్స్ సారు ఆ డైరీ గురించి ఇంటర్ రెండేళ్లూ ఒక్క మాటా ఎత్తలేదు. రెండో ఏడు ఆఖరి ప్రాక్టికల్ అయిన రోజు మాత్రం, మెట్లు దిగుతున్న నన్ను ఆపి, అటూ ఇటూ చూసి అన్నారు:

"మళ్ల ఎప్పుడన్నా అట్లాంటిది రాస్తే, పొరపాటున నాకియ్యమ్మా."