పదకొండు వల ముక్కలు

ఆ రోజు కొండ మీద మేమందరం దారి తప్పడానికి కారణం మా బావమరిది కాదు, నేను. ఆ మాట బయటపెట్టడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఈలోగా మా చుట్టాల్లో అది అతని తప్పుగానే స్థిరపడిపోయింది. నలుగురు కూడిన చోటల్లా చెప్పుకుని నవ్వుకునే కథ అయింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అతను నా భార్యకు తమ్ముడు. వాళ్ళది భావనపాడు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మా మావగారు సముద్రంలో చేపల వేటకు వెళ్ళిన మనిషి. ఇతను మాత్రం శ్రీకాకుళంలో మా ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకుంటూ, ఎక్కడెక్కడి కంపెనీలకో వెబ్‌సైట్లు తయారుచేస్తాడు. నాది పంపుసెట్ల దుకాణం. ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసేది కూడా ఒక పనేనా అని మొదట్లో నాకు చిన్నచూపే ఉండేది.

ఒకసారి నా దుకాణానికి కూడా ఒక పేజీ చేసిపెట్టాడు. అందులో నంబరు మీద నొక్కితే కొన్ని ఫోన్ల నుంచి కాల్ వెళ్ళేది కాదు. పొద్దున్న దానిముందు కూర్చున్నవాడు మధ్యాహ్నానికి బాగుచేశాడు. భోజనానికి లేవమంటే లేవడు.

“పని సేస్తన్నాది బావా, గానీ ముందెందుకు సెయ్యలేదో తెలీలేదు. అది తెలీకుండా ఒగ్గీలేను” అన్నాడు.

సాయంత్రానికి ఆ కారణం దొరికింది. అప్పుడు లేచి చల్లారిపోయిన అన్నం తిన్నాడు. పంపు మళ్ళీ తిరిగితే చాలు, ఎందుకు ఆగిందో ఎవరికి కావాలి అనుకునే వృత్తి నాది. అతన్ని చూసి నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

రొట్టెలు కాల్చడంలోనూ అదే పద్ధతి. చిన్న ఓవెన్ ఒకటి కొని, చోడిపిండి, అదే రాగిపిండి, గోధుమపిండితో కలిపి, ఈస్టుకు బదులు ఈతకల్లు పోసి పులియబెట్టేవాడు. మొదటి రొట్టెను మా అత్తగారు బల్లకేసి కొట్టి చూసి, “ఒరే, దీన్ని పడవకి లంగరు కట్టుకోవచ్చురా” అంది. అతనూ మాతో పాటే నవ్వాడు. తర్వాత వారం కల్లు మాత్రం మార్చాడు. ఆ పై వారం కల్లు అదే ఉంచి, నానే సమయం మార్చాడు. ఒక్కసారికి ఒక్కటే మార్చేవాడు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. ఓ శీతాకాలమంతా మేము రాళ్ళే తిన్నాం. ఆ తర్వాత ఒక ఆదివారం, పైన పగుళ్ళిచ్చి లోపల దూదిలా ఉన్న రొట్టె వచ్చింది, మధ్యమధ్యలో పలాస జీడిపప్పు బద్దలతో. సగం నేనొక్కణ్ణే తినేశాను.

ఖాళీ దొరికితే కొండలెక్కేవాడు. సీతంపేట వైపు కొండల్లో అతను తిరగని దారి లేదు. మెల్లగా చుట్టాలనూ వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. దారి చీలిన ప్రతిచోటా, వాళ్ళ నాన్న పాత వలలోంచి కత్తిరించిన నీలం ముక్క ఒకటి కొమ్మకు కట్టేవాడు. దిగేటప్పుడు చివరి మనిషి వాటిని విప్పుకుంటూ రావాలి, కొండ మీద మన ముక్క ఒక్కటీ మిగలకూడదు. బయల్దేరేముందు అందరినీ నిలబెట్టి ఇది చెప్పేవాడు.

నేను వెళ్ళిన మొదటిసారి కూడా చెప్పాడు. నేను పక్కకు తిరిగి, మోటారు కాలిపోయిన రైతుతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ‘చివరి మనిషి విప్పాలి’ అన్నది చెవిన పడింది. ఎప్పుడన్నది పడలేదు.

నా ఒంటికి ఎక్కడం కష్టం కాబట్టి చివరివాణ్ణి నేనే. ఎక్కుతూనే ఒక్కో ముక్కా విప్పి జేబులో వేసుకున్నాను. ఏదో సాయం చేస్తున్నానని గర్వం కూడా. మొత్తం పదకొండు.

పైన రొట్టె తిని దిగడం మొదలుపెట్టాం. కొండచీపురు గడ్డి తలలు దాటి పెరిగి, తెలిసిన దారులు కూడా ఆనవాలు పట్టకుండా ఉన్నాయి. మొదటి చీలిక దగ్గర అతను ఆగి కొమ్మలన్నీ వెతికాడు. నా చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. విషయం ఆ క్షణంలోనే అర్థమైంది నాకు. అప్పుడే చెప్పి ఉంటే ఆ పదకొండు చోట్లూ ఇద్దరం కూర్చుని గుర్తు చేసుకునేవాళ్ళం. కానీ మాతో వచ్చిన నా తోడల్లుడు అప్పటికే అతన్ని వేళాకోళం చెయ్యడం మొదలుపెట్టాడు. ఇంటి పెద్దల్లుణ్ణి, అందరి ముందూ తేలికైపోతానేమో అనిపించింది. ముందుకెళ్ళాక చెబుదాం అనుకున్నాను. ముందుకెళ్ళాక ఇంకా కష్టమైంది.

తప్పుదారిన ఒక గెడ్డలోకి, కొండవాగులోకి, దిగిపోయాం. రాళ్ళ మీద జారి తోడల్లుడి మోకాలు బెణికింది. చీపురు కోసుకుంటున్న సవర గిరిజన స్త్రీ ఒకామె మా అరుపులు విని వచ్చి దారి చూపించింది. తోడల్లుణ్ణి వీపున మోసుకు దించింది మా బావమరిదే. వీపు మీదనుంచే అతను అంటున్నాడు: “కంపూటర్ ముందు కూకున్నోడికి కొండేటి తెలుస్తాదిరా?”

“ముడి సరిగ్గా ఎయ్యలేదు బావా. తప్పు నాదే” అన్నాడు ఇతను.

నేను వెనక నడుస్తున్నాను. జేబులో వల ముక్కలు తొడకు గుచ్చుకుంటున్నాయి.

ఆ తర్వాత అతను ఎవరినీ కొండకు తీసుకెళ్ళలేదు. అడిగితే పనుందనేవాడు. రొట్టెలు మాత్రం అక్క చేతికిచ్చి పంపేవాడు. ముక్కల్ని నా దుకాణం సొరుగులో వాషర్ల కింద దాచాను.

పోయిన నెల నా పేజీలో ఏదో మార్పించుకోవాలని అతని గదికి వెళ్ళాను. గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఆ కొండ బొమ్మ, దాని మీద పదకొండు చుక్కలు. ఒక్కో చుక్క పక్కన రాసుకున్నాడు: గాలి? కోతులు? మేకలు? ముడి? అన్నీ కొట్టేసి ఉన్నాయి. ఇదేమిటని అడిగాను.

మూడుసార్లు ఒంటరిగా వెళ్ళాడట. అదే వలతో, అదే ముడితో, అవే కొమ్మలకు కట్టి, వారం వదిలేసి మళ్ళీ వెళ్ళి చూశాడట.

“పదకొండూ అలాగే ఉన్నాయి బావా, ఒక్కటీ ఊడలేదు. మరారోజు ఏటైనాదో. అది తెలీకుండా మనుసుల్ని మళ్ళీ ఎలా తీసికెల్లను?”

నా పేజీ సంగతి మాట్లాడకుండానే లేచి వచ్చేశాను. నింద మోయించాననే నేను అంతవరకూ అనుకుంటూ వచ్చాను. కారణం తెలియకపోతే అన్నానికి కూడా లేవని మనిషి నుంచి కారణాన్నే సొరుగులో పెట్టి తాళం వేశానని ఆ కాగితం చూసేదాకా నాకు తట్టలేదు.

ఆ ఆదివారం తోడల్లుణ్ణీ, నా భార్యనూ వెంటబెట్టుకుని అతనింటికి వెళ్ళాను. అతను పిండి పిసుకుతున్నాడు. బల్ల మీద పిండి లేని చోట చూసి పదకొండు నీలం ముక్కలూ వరసగా పెట్టాను. అతను ఒక ముక్క తీసి అంచు చూశాడు. తన కత్తెర కోత తనకు తెలుసు. తర్వాత నా మొహం చూశాడు. దారిలో అనుకుని వచ్చిన మాటలు వదిలేసి ఉన్నది చెప్పాను.

“నీ ముడి ఊడలేదురా. నానే ఇప్పీసినాను, ఎక్కినప్పుడే. నువ్వు సెప్పినప్పుడు నాను ఇనలేదు. దారి తప్పినామని తెలిసినప్పుడు ఇవి నా జేబులోనే ఉన్నాయి, అయినా నోరిప్పలేదు. నువ్వు తప్పు నాదే అన్నప్పుడూ ఇప్పలేదు. తప్పు నాది. నన్ను మన్నించరా.”