ఉగ్గుగిన్నెతో కొలిచిన నూనె

మా మరిదిగారు మొన్న మంగళవారం తెల్లవారుజామున పోయారు. ఇవాళ శనివారం. మైల తీరకముందే ఊరూరికీ ఈ కబురు రాయడానికి కలం పట్టానని మావాళ్లు మూతి ముడిచారు. ఆగే వ్యవధి లేదు. కొబ్బరితోటలో ఆయన పెంచిన పన్నెండు పెట్టెల తేనెటీగల్లో ఒక్క పెట్టె మిగిలింది. అదీ దక్కేలా లేదు.

వాటికి పట్టింది ఎర్ర నల్లి. ఆవగింజలో సగం ఉంటుంది. ఈగ ఒంటికి అతుక్కుని పీల్చేస్తుంది. పిల్ల ఈగలు రెక్కలు ముడుచుకుపోయి, పెట్టె ముందు పాకుతూ చస్తాయి. పురుగుమందు కొట్టమన్నారు అందరూ. "ఆ తేనె పిల్లల నాలిక మీద ఎలా రాస్తామండీ?" అని ఆయన ఒప్పుకోలేదు. నీలగిరి తైలం, లవంగ నూనె వాడి చూశారు. చివరికి వాము పువ్వు పలుకుల్ని కొబ్బరినూనెలో కరిగించి, అట్టముక్కకు పట్టించి, పొద్దువాలాక పెట్టెలో ఉంచేవారు. నల్లులు రాలిపోయేవి.

కొలతకు నా వెండి ఉగ్గుగిన్నె అడిగారు.

"పిల్లల నోట్లో పెట్టే గిన్నె పురుగులకా? సిగ్గులేదూ?" అన్నాను.

"ఆయ్, లేదండి వదినగారూ. వాళ్లూ పిల్లలే కదండీ. చుక్క ఎక్కువైతే అలిగి ఇల్లొదిలి పోతారు."

ఇచ్చాను. వాసన పట్టిన గిన్నె మళ్లీ నా గడప తొక్కకూడదన్నాను. తొక్కలేదు. పదేళ్లూ ఆయన కిటికీలోనే ఉంది.

రోజూ పళ్లు తోముకోకముందే పెట్టెలకు చెవి ఆనించేవారు. "పలికేరండీ" అని నాకు చెప్పి, అప్పుడు కాఫీ అడిగేవారు.

ఆయన మంచాన పడ్డాక నల్లి పెరిగి ఐదు పెట్టెలు పోయాయి. ఆయన పోయిన మర్నాడు, మిగతావి చావడం చూడలేక, మా పెద్దబ్బాయి సీసాలో ఉన్న నూనె, రొంపకు గుండెలకు పట్టించినట్టు, పెట్టెల్లో ధారగా పోసేశాడు. మిట్టమధ్యాహ్నం. ఎండకు రేగిన ఘాటుకు తాళలేక ఈగలు గుంపులుగా లేచి గోదావరి పాయ దాటిపోయాయి. చివరి పెట్టెకు నూనె చాలలేదు. అందుకే అది మిగిలింది.

మా తోటికోడలు ఖాళీ పెట్టెల మధ్య చతికిలబడి, "అక్కా, ఆయన రెండోసారి పోయేరు" అంది.

ఇక జరగవలసినవి:

1. ఈ పని తెలిసినవారు మామిడికుదురు నుంచైనా, కాట్రేనికోన నుంచైనా వెంటనే రావాలి. మైల ఇల్లని జంకవద్దు.

2. ఎండ ఉండగా ఎవరూ మూత తీయకూడదు. నూనె ఉగ్గుగిన్నెకు మించకూడదు. గిన్నె ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది.

3. రోజూ ఎవరో ఒకరు పెట్టెకు చెవి ఆనించాలి. ఇవాళ నేను ఆనించాను. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, సన్నగా పలికారు.